భోగి మంటలో వేసే ముందు స్క్రూడ్రైవర్‌తో ఒకసారి గుచ్చి చూడండి

సంపాదకులకు నమస్కారం.

ధనుర్మాసం వచ్చిందంటే విశాఖ వీధుల్లో పిల్లలు భోగి మంట కోసం ఇంటింటికీ తిరిగి పాత కట్టెలు పోగుచేస్తారు. కాలు ఊగే స్టూలు, ఊడిన కిటికీ రెక్క, పేము తెగిన కుర్చీ అన్నీ మంటకే పోతాయి. ఆచారాన్ని మేం కాదనడం లేదు. భోగికి పిడకల దండలున్నాయి, ఎండుకొమ్మలున్నాయి. రంగు వేసిన చెక్కను మాత్రం ఆ మంటలో వేయవద్దని, చేవ ఉన్న చెక్కను అసలే వేయవద్దని పాత కలపతో పనిచేసేవాళ్లుగా పండక్కి ముందే మీ పాఠకులకు చెప్పాలనిపించింది.

రంగు సంగతి ముందు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదని కేంద్రం 2016లో నిబంధన తెచ్చింది. అది 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు పూసిన ఎనామిల్ పొరల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. సీసం మంటలో కాలిపోదు. కొంత పొగతో లేస్తుంది, మిగతాది బూడిదలో ఉండిపోతుంది. ఆ మంట మీదే నీళ్లు కాచి పిల్లలకు తలంటుతాం, ఆ బూడిదే నుదుట పెడతాం. ప్లైవుడ్, సన్‌మైకా, రెగ్జిన్ కూడా మంటలో వేయదగ్గవి కావు.

ఇక చెక్క సంగతి. వన్‌టౌన్‌లోనూ పాత పేటల్లోనూ పెంకుటిళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నప్పుడు కిటికీలు, తలుపులు, దూలాలు బయట పడతాయి. కొత్త టేకు కొనబోతే కొరివి. ఈ పాత టేకు మాత్రం కట్టెల కింద, తుక్కు కింద పోతోంది. బర్మా టేకు అని చెప్పి అమ్మేదంతా బర్మా టేకు కాదు కాబట్టి కొనేముందు చూసుకోవాలి. బందు ఊడదీసిన చోట, అంటే రంగు తగలని చోట, ఉలితో సన్నగా గీకండి. టేకైతే బంగారు గోధుమ రంగు కనిపిస్తుంది, వేలికి మైనం తగిలినట్టు జారుతుంది, తోలు వాసనకు దగ్గరగా ఉండే నూనె వాసన వస్తుంది. మామిడి చెక్క పాలిపోయి ఉంటుంది. తర్వాత స్క్రూడ్రైవర్ మొనతో అడుగు భాగాన్నీ మూలల్నీ గుచ్చి చూడండి. మొన పావు అంగుళం దిగిపోతే అక్కడ పుచ్చిపోయినట్టే. గుండుసూది తలంత రంధ్రాల నుంచి మెత్తని పిండి రాలుతుంటే లోపల పురుగు ఇంకా బతికే ఉంది. టేకు చేవకు పురుగు అంత తేలిగ్గా పట్టదు, అంచున ఉండే తెల్లచెక్కకు పడుతుంది. ఆ తెల్లచెక్క కోసేసి మిగతాది వాడుకోవచ్చు. కోయడం కుదరకపోతే ఒక్కో రంధ్రంలోకీ సిరంజితో చెదల మందు ఎక్కించి, రంధ్రాన్ని మైనంతో మూసి, నెల రోజులు నల్ల కాగితం మీద పెట్టండి. కాగితం మీద మళ్లీ పిండి పడితే ఆ చెక్కను ఇంట్లోకి తేకండి. ఒక్క ముక్క నుంచి ఇంట్లో ఉన్న మిగతా సామానుకూ పాకుతుంది.

అందరూ అడిగేది పాత కిటికీని అద్దంగా మార్చడం గురించి. ఆదివారం అనుబంధాల్లో దీని ఫొటోలు అందంగా వేస్తున్నారు, ఎక్కడ చెడుతుందో మాత్రం రాయడం లేదు. అందుకే దీన్ని కాస్త విడమరిచి రాస్తున్నాం. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు కిటికీ అనుకోండి. ముందు ఇనుప ఊచలు తీయాలి. చట్రాన్ని సుత్తితో కొట్టి ఊచలు లాగబోతే కుసి, అంటే ఒక చెక్క కొస రెండో చెక్కలోకి దూరే భాగం, చీలిపోతుంది. ముందు రోజు రాత్రే ఊచ మొదట్లో నూనె చుక్కలు వేసి, మర్నాడు ఊచను హ్యాక్సా బ్లేడుతో మధ్యకు కోసి, ఒక్కో సగాన్నీ మెలితిప్పుతూ లాగితే తేలిగ్గా వస్తుంది. తర్వాత చట్రం మీద అయస్కాంతం పెట్టి జరుపుతూ పోండి. అది అతుక్కున్న ప్రతిచోటా విరిగిన మేకు ఉంటుంది. దాన్ని తీయకుండా చిత్రిక పడితే బ్లేడు పోతుంది.

రంగు తీయడానికి ఎండు ఉప్పు కాగితం వద్దు. సీసం ఉన్న దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. మంటతో కాల్చి తీయడం ఇంకా ప్రమాదం. గాలి బాగా ఆడే మేడ మీద పాత ప్లాస్టిక్ పట్టా పరిచి, చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, పెయింట్ రిమూవర్ మందంగా, బ్రష్షు ఒకే వైపు నడిపిస్తూ పూయండి. మళ్లీ మళ్లీ రుద్దితే అది ఆవిరై పోతుంది. పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పి 20 నుంచి 30 నిమిషాలు ఆగితే రంగు పొంగి ముడతలు పడుతుంది. అప్పుడు లప్పం రేకుతో చెక్క గీతల వెంబడే గీకాలి, అడ్డంగా గీకకూడదు. పాత కిటికీకి నాలుగైదు పొరల రంగు ఉండటం మామూలే, కాబట్టి రెండు మూడుసార్లు చేయాల్సి వస్తుంది. మూలల్లో మిగిలిన మరకలకు వాటర్ పేపర్‌ను నీళ్లలో తడిపి రుద్దండి. కాస్టిక్ సోడా నీళ్లతో కడిగితే రంగు త్వరగా పోతుందని కొందరు చెబుతారు. పోయే మాట నిజమే, కానీ టేకు నల్లబడుతుంది. ఆ నలుపు తేలిగ్గా వదలదు. పని జరిగేటప్పుడు గర్భిణులను, చిన్నపిల్లలను దూరంగా ఉంచండి. గీకిన పొట్టును పట్టాతో సహా మూటగట్టి వేరే చెత్తగా ఇవ్వండి, కాల్చవద్దు. తడి చెక్కను నీడలో మూడు రోజులు ఆరనిచ్చాకే 80, 120, 180 నంబర్ల ఉప్పు కాగితం వరసగా పట్టాలి. ఒక నంబరు దాటేస్తే ముందటి గీతలు పాలిష్ కింద తెల్లగా కనబడతాయి.

చట్రం కదులుతుంటే మేకు కొట్టి బిగించవద్దు. కుసి బయటికి తీసి పాత జిగురంతా గీకి, టేకులోంచి పైకి తేలే నూనెను థిన్నర్ గుడ్డతో తుడిచి, ఫెవికాల్ మెరైన్ రాసి బిగించాలి. ఆ నూనె తుడవకపోతే ఎంత మంచి జిగురైనా పట్టదు. క్లాంపులు లేకపోతే చట్రం చుట్టూ తాడు రెండు వరసలు కట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పితే చాలు. వదిలేసే ముందు మూల నుంచి ఎదురు మూలకు టేపుతో రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ సమానమైతేనే చట్రం మూలమట్టానికి ఉన్నట్టు. 24 గంటలు ముట్టుకోవద్దు.

అద్దం 4 ఎంఎం చాలు. చట్రంలో అద్దం కూర్చునే గాడి కొలత కన్నా అన్ని వైపులా 2 ఎంఎం తక్కువగా కోయించండి. ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే. బాత్‌రూమ్ ఫిట్టింగ్ కోసం కొన్న మామూలు సిలికాన్‌తో అద్దం అతికిస్తారు. దాంట్లోంచి వచ్చే వెనిగర్ వాసనే ఆమ్లం. అది అద్దం వెనకున్న వెండి పూతను తినేస్తుంది, కొన్నాళ్లకు అంచుల నుంచి నల్ల మచ్చలు పాకుతాయి. న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తీసుకోండి. వెనక 6 ఎంఎం మెరైన్ ప్లై వేసి, ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూసుకోండి. ప్లైకీ అద్దానికీ మధ్య చిన్న రబ్బరు ముక్కలు పెట్టి 3 ఎంఎం సందు వదలండి. ఆ సందులో న్యూస్‌పేపర్ కుక్కితే చెమ్మంతా పీల్చి అద్దానికి పట్టిస్తుంది.

ఆరు చదరపు అడుగుల ఈ అద్దమే అయిదున్నర కిలోలు ఉంటుంది, టేకు చట్రంతో కలిపి పదిహేను కిలోలు దాటుతుంది. గోడ మీద ప్లాస్టరే అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం ఉంటుంది కాబట్టి అంగుళంన్నర స్క్రూ సగం ప్లాస్టర్‌లోనే ఆగిపోతుంది. మూడంగుళాల స్క్రూ, 10 ఎంఎం నైలాన్ ప్లగ్గు వాడండి, నాలుగు చోట్ల బిగించండి. అంతకన్నా ముఖ్యంగా, అడుగున ఒక టేకు బద్దను గోడకు కొట్టి బరువు దాని మీద ఆనేలా చూడండి. పైన ఉన్న స్క్రూలు చట్రం ముందుకు వాలకుండా పట్టుకుంటే చాలు. సముద్రం వైపు బయటి గోడకు తగిలించవద్దు, దానికి వానాకాలమంతా చెమ్మ పడుతుంది.

మన ఊరి గాలి గురించి విడిగా చెప్పాలి. పాండురంగాపురం, ఎంవీపీ, సాగర్‌నగర్ వైపు ఇళ్లలో మామూలు ఇనుప స్క్రూ తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు. తుప్పు ఉబ్బి చెక్కను చీలుస్తుంది, పాలిష్ మీద నల్లగా కారుతుంది. స్టెయిన్‌లెస్ అని కొన్నా 304 రకానికి బీచ్ పక్కన గోధుమ మచ్చలు వస్తాయి. బాల్కనీకి 316 రకం అడగండి. లోపలి పనికి ఇత్తడి స్క్రూలు బాగుంటాయి, కానీ ఇత్తడి మెత్తన, గట్టి టేకులో తల తెగిపోతుంది. 8 నంబరు స్క్రూకు 3 ఎంఎం బెజ్జం వేసి, ముందు అదే సైజు ఇనుప స్క్రూను ఒకసారి ఎక్కించి తీసేయండి. ఆ దారిలో ఇత్తడిది, మరలకు కొవ్వొత్తి మైనం రాసి ఎక్కించండి. సబ్బు రాయవద్దు, అది తేమను పిలుస్తుంది.

పాలిష్ కూడా గాలిని బట్టే వేయాలి. లక్క పాలిష్ వానాకాలంలో వేస్తే స్పిరిట్ ఆరే వేగానికి ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి పొగమంచు కమ్మినట్టు తెల్లబడుతుంది. లక్క పాలిష్‌కు జనవరి నుంచి మార్చి దాకా అనువైన కాలం. పొద్దున్న మంచు తగ్గాక మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించాలి. ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లకు అవిసె నూనె, టర్పెంటైన్ సమానంగా కలిపి గుడ్డతో పట్టించడం సులువు. పావుగంట ఆగి, మిగిలిన నూనెంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే వారమైనా జిగట వదలదు, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. ఒక పొర పూర్తిగా ఆరాకే మరొకటి వేస్తూ మూడు పొరలు చాలు. ఒక్క జాగ్రత్త మరిచిపోవద్దు. ఆ నూనె గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా పరిచి ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

కాళ్లు గట్టిగా ఉండి కూర్చునే పీట పోయిన స్టూలుకు పాత నవారు మంచం నవారు చక్కగా సరిపోతుంది. పదహారంగుళాల చదరపు స్టూలుకు మూడంగుళాల నవారైతే పైనా కిందా చుట్టి, అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు వరసలు పడతాయి. తొమ్మిది మీటర్లు పడుతుంది, ముడులకు కలిపి పది ఉంచుకోండి. నూలు నవారు మొదటి వారంలో సాగుతుంది. అందుకే చివరి కొసను అప్పుడే మేకు కొట్టేయకుండా ముడివేసి వదిలి, పది రోజులయ్యాక మళ్లీ లాగి బిగించి అప్పుడు కొట్టాలి. సొరుగుల పిడులు పోతే ఏటికొప్పాక పనివాళ్లతో అంకుడు కర్ర పిడులు చేయించుకోవచ్చు. వాటి మెరుపు లక్కది. థిన్నరుతోనో స్పిరిట్‌తోనో తుడిస్తే కరిగిపోతుంది, పొడిగుడ్డ చాలు.

ఇత్తడి బిందెలు, గుండిగలు తుక్కు కొట్లలో తూకానికి దొరుకుతాయి. చింతపండు పులుసులో రాత్రంతా నానబెడితే ఇత్తడి పైపొరలో జింకు కరిగి రాగి మిగిలి గులాబీ రంగు తేలుతుంది. అందుకే నానబెట్టకుండా, చింతపండుతో రుద్దిన వెంటనే కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేర్లు ఉంటాయి, ఆ చోట బఫింగ్ పట్టించి చెరిపేయకండి. మొక్క పెట్టాలంటే బిందెకు చిల్లి కొట్టనక్కర్లేదు, లోపల ప్లాస్టిక్ కుండీ దింపితే సరి. దీపంగా మార్చేట్టయితే మూడు తీగల వైరు, మూడు పిన్నుల ప్లగ్గు వాడి, ఆకుపచ్చ ఎర్త్ తీగను ఇత్తడికి స్క్రూతో బిగించాల్సిందే. వైరు దూరే రంధ్రానికి రబ్బరు వాషర్ వేయకపోతే అంచు వైరును కోస్తుంది, బిందె మొత్తం షాక్ కొడుతుంది.

పోర్టు ఊరు కాబట్టి ప్యాలెట్ చెక్క, అంటే సరుకుల కింద వేసే బల్లల చెక్క, మనకు బాగా దొరుకుతుంది. దాని మీద కాల్చి వేసిన ముద్ర చదవండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించినది, ముట్టుకోవద్దు. ముద్ర లేనిది, నూనె మరకలున్నది కూడా వద్దు. ఉబ్బిన పార్టికల్ బోర్డు అల్మరాను ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి, దానికి స్క్రూ పట్టదు.

బాల్కనీలో వేలాడదీసే ఏ వస్తువైనా రెండు నిమిషాల్లో దించగలిగేలా కొక్కేనికే పెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఏవేవి ఎగిరిపోయాయో అందరికీ తెలుసు.

చివరిగా రెండు విన్నపాలు. జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) భోగికి వారం ముందు నుంచి ప్రతి వార్డులో పాత చెక్క సామాను పెట్టేందుకు ఒక చోటు చూపించాలి. కావలసినవాళ్లు అక్కడి నుంచి తీసుకుపోతారు, మిగిలిన రంగు చెక్క మంటలోకి పోకుండా ఉంటుంది. మీ పత్రిక గృహాలంకరణ పేజీల్లో ఫొటో పక్కనే ఏ స్క్రూ, ఏ జిగురు, ఎన్ని గంటలు ఆరబెట్టాలి అన్నది కూడా నాలుగు వాక్యాల్లో వేయాలి.

ఇట్లు,
పాత కలప పనివాళ్లం,
కంచరపాలెం, విశాఖపట్నం