అన్నిటికీ ఐదే

ఒరేయ్ నేస్తం,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. కోపంగా ఉంటావని తెలుసు. తిట్లన్నీ కలిసినప్పుడు తిట్టు, ముందు ఇది చదువు. ఇక్కడ అందరూ కులాసా. నాన్నగారి మోకాలు పరవాలేదు, చెల్లి ఉద్యోగం ఖాయమైంది, నీ నిఘంటువు నా దగ్గర భద్రంగా ఉంది. వార్తలు అంతే. మూడు రోజులుగా మోస్తున్న సంగతి ఒకటుంది, అది నీకు చెబితే తప్ప తీరదు.

నా పరిశోధన కోసం రోగుల అభిప్రాయాలు సేకరిస్తున్నానని రాశాను కదా, ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. చేతిలో 22 ప్రశ్నల కాగితం. 1988లో పరశురామన్, జైథామల్, బెర్రీ అనే ముగ్గురు తయారుచేసిన కొలత అది, పేరు సర్వ్‌క్వాల్. మనిషి ఏం ఆశించాడు, ఏం అందిందనుకున్నాడు, ఆ రెండింటి మధ్య తేడాయే నాణ్యత అంటారు వాళ్లు. జవాబుకు అసలు కొలతలో ఏడు మెట్లు, నేను ఐదుకు తగ్గించాను. ఐదంటే అన్నిటికంటే మంచి మార్కు.

ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ వరండాలో ఒక పెద్దావిడ గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. గుప్పిట్లో ఓపీ చీటీ. మడిచి మడిచి వేలెడంత చేసింది, చెమటకు అంకె అలుక్కుపోయింది. పక్కన నీళ్ల సీసా, మూత దాకా నిండుగా. ఏడింటికి వచ్చిందట. అప్పటికి పదకొండు దాటింది.

శుభ్రత ఎలా ఉందమ్మా? ఐదు. సిబ్బంది మర్యాద? ఐదు. ఎప్పుడు చూస్తారో ముందే చెబుతారా? దానికీ ఐదే. అక్కడ నా కలం ఆగిపోయింది.

“ఏమని చెప్పారమ్మా?”

“కూర్చో, పిలుస్తాం అన్నారు నాయనా.”

ఆవిడ దృష్టిలో అది చెప్పడమే! తిట్టకుండా కూర్చోమన్నారు, అంతకుమించి ఆవిడ ఏమీ ఆశించి రాలేదు. ఏమీ ఆశించనివాళ్లకు కాస్త అందినా తేడా మిగలదు, అంకె మాత్రం నిండుగా వస్తుంది. ఈ మాట నాకు పుస్తకాల్లో తెలుసు. ఎదురుగా చూడడం వేరు.

కాగితం సంచిలో పెట్టాను. “ఇది డాక్టరుగారు చూస్తారా?” అని అడిగింది. చూడరమ్మా, మీ పేరు కూడా రాయలేదు అన్నాను. కాసేపు నా ముఖంలోకి చూసి, చీటీ నా చేతిలో పెట్టింది. “అయితే నా చోట కూర్చో బాబూ. పేరు పిలిస్తే ఉన్నానని చెప్పు. పొద్దుటి నుంచి బాత్రూముకు వెళ్లలేదు.”

సీసా ఎందుకు నిండుగా ఉందో అప్పుడు తెలిసింది. తాగితే లేవాలి, లేస్తే వంతు పోతుంది. మన నీలం గొడుగు రోజు నీ ముఖం ఎలా ఉందో ఆవిడ ముఖం అలాగే ఉంది. నీకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

కూర్చున్నాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మెడ చాచడం, ఆ గోలలో సగం పేర్లు వినబడకపోవడం, ఇప్పుడు పిలిచింది ఆవిడనేమో అని గుండె జారిపోవడం. ఎంతసేపో తెలిసిన నిరీక్షణ కంటే తెలియనిది బరువని, క్యూలలో మనిషి మనసు గురించి రాసిన డేవిడ్ మైస్టర్ 1985లోనే అన్నాడు. నేను ఆ బరువు మోసింది పది నిమిషాలు. ఆవిడ నాలుగు గంటలు! వంతు అంకె గోడమీద రాసినా చాలు కదరా, దానికి పెద్ద యంత్రం ఎందుకు?

తిరిగి వచ్చాక, జవాబులు మార్చమంటారా అని అడిగాను. “ఐదే ఉంచు. పోయినసారి లోపల నర్సమ్మ నా పేరు పెట్టి పిలిచింది, నొప్పి ఎక్కడో చెయ్యి వేసి చూసింది” అంది. అంటే ఆ ఐదులో ఉన్నది భయం ఒక్కటే కాదు. ఎంత భయమో, ఎంత నిజమో విడదీయడం ఎలాగో నాకు... సరే, అది తరవాత.

మర్నాడు ప్రైవేటు ఆసుపత్రి. చల్లని గది, మెత్తని కుర్చీలు, వంతు అంకె తెరమీద కనిపిస్తోంది. ఒడిలో లావుపాటి ఫైలుతో ఒకాయన. శుభ్రతకు ఐదు, మర్యాదకు ఐదు. మీ మేలే మనసులో పెట్టుకుని చూస్తారా అంటే రెండు. “డాక్టరు మంచివాడే. కానీ ఈ పరీక్షలు నా జబ్బుకా, వాళ్ల లెక్కకా? అడిగితే ఏమనుకుంటారో అని అడగలేదు” అన్నాడు. అక్కడ ఆవిడకు చూస్తారో చూడరో అని దిగులు, ఇక్కడ ఈయనకు ఎందుకు చూస్తున్నారో అని. నోరు తెరిచి అడగలేకపోవడం మాత్రం ఇద్దరిదీ.

వైద్యం సరిగ్గా జరిగిందో లేదో తేల్చే చదువు రోగికి ఉండదు. చూపు, మాట, ఓపిక, వీటినిబట్టే అంచనా వేసుకుంటాడు. అందుకే ఆ అంకెలు పనికిరావని కొందరు డాక్టర్లు కొట్టిపారేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. దాహాన్ని అణచుకున్నది రోగి కదా, ఆ సంగతి ఇంకెవరు చెప్పగలరు?

మా గైడుగారు సగటు చూసి, ప్రభుత్వ ఆసుపత్రే ముందుందని రాసెయ్యమన్నారు. రాయలేనని చెప్పాను. జవాబులు ఆసుపత్రి గోడల మధ్య కాకుండా, వారం తరవాత, ఇష్టపడినవాళ్ల ఇళ్లకు వెళ్లి మళ్లీ అడుగుతాను. ఇరవై మూడో ప్రశ్న ఒకటి చేర్చాను: పొద్దుటి నుంచి నీళ్లు తాగారా? గైడుగారు ఇంకా ఒప్పుకోలేదు. నువ్వైతే ఆ ప్రశ్న ఎలా అడుగుతావో, మాటలు కుదిర్చి

అమ్మ పిలుస్తోంది, నాన్నగారి మోకాలు డాక్టరుకు చూపించే వేళయింది. నిండు సీసా ఒకటి సంచిలో పెట్టుకున్నాను. మిగతాది రేపు.

నీ
మూడో బెంచీవాడు