మొదటి రౌండులో ఓడిన పిల్లల ఫోటోలు

గుడివాడ,
ఆదివారం.

చిరంజీవి మానసకు నాన్న ఆశీస్సులు.

సెలవు రోజుల్లో జూనియర్ బ్యాడ్మింటన్ పోటీలకు వెళ్లి, ఆడే పిల్లల ఫోటోలు తీసి వారి తల్లిదండ్రులకు అమ్మాలనుకుంటున్నానని నీవు పంపిన మెయిలు అమ్మా నేనూ కలిసి చదివాము. ఏ లెన్సు కొనాలి, ఒక్కో ఫోటోకు ఎంత తీసుకోవాలి, పోటీ నిర్వాహకులతో ఏమి మాట్లాడుకోవాలి అని అడిగావు. ఆ ఫోటోలు కొనేది ఎవరన్న ప్రశ్న నీవు అడగలేదు. నేను మాత్రం దానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే లెన్సూ ధరా ఒప్పందమూ మూడూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

పత్రికకు ఆటల ఫోటోలు తీసేవారికి గెలిచిన ఆటగాడు కావాలి, ఆట మలుపు తిరిగిన క్షణం కావాలి. తల్లిదండ్రులకు తమ బిడ్డ కావాలి. ముఖం స్పష్టంగా కనిపించాలి, ఒంటి మీది జెర్సీ తెలియాలి, ఆడుతున్నట్లు ఉండాలి. షటిల్ గీత లోపల పడిందా బయట పడిందా అన్నది ఫోటోలో వారికి అనవసరం. మన స్టూడియోకు ఇన్నేళ్లలో ఎన్నడూ నష్టం తేని పని ఏదని అడిగితే పదో తరగతి గ్రూప్ ఫోటో అని చెబుతాను. బెంచీలు వేసి మూడు వరుసల్లో నిలబెట్టి తీసే ఆ ఫోటోలో చెప్పుకోదగిన కళ ఏమీ లేదు, అయినా ప్రతి ఇంటివారూ ఒక కాపీ తీసుకుంటారు, ఎందుకంటే ప్రతి ఇంటి బిడ్డా అందులో ఉంటుంది. అదే పాఠశాల వార్షికోత్సవంలో బహుమతులు అందుకునే పిల్లల ఫోటోలు ఎంత బాగా వచ్చినా, కొనడానికి వచ్చేది ఆ కొద్దిమంది ఇళ్లవారే.

ఇప్పుడు నాకౌట్ పోటీ, అంటే ఒక్కసారి ఓడితే ఇంటికి వెళ్లే పోటీ, లెక్క చూడు. 64 మంది పిల్లలున్న డ్రాలో, అంటే ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే జాబితాలో, మొత్తం 63 మ్యాచులు జరుగుతాయి. వాటిలో 32 మొదటి రౌండులోనే అయిపోతాయి, ఆ రౌండులో 64 మందీ ఆడతారు. ఫైనల్లో ఆడేది ఇద్దరే. అండర్-11, అండర్-13 అంటూ వయసుల వారీగా, బాలురకూ బాలికలకూ వేర్వేరుగా డ్రాలు ఉంటాయి కనుక మొదటి రోజున ఆ హాల్లో ఎంతమంది పిల్లలు, ఎంతమంది తల్లిదండ్రులు ఉంటారో ఊహించుకో. ఫోటోగ్రాఫర్లు సాధారణంగా ఆఖరి రోజున, ముఖ్య అతిథి వచ్చే వేళకు వస్తారు. నిర్వాహకులు డబ్బిచ్చి పిలిపించేది కూడా ఆ బహుమతి ప్రదానానికే. నీవు మాత్రం మొదటి రోజు ఉదయం మొదటి మ్యాచు మొదలయ్యేలోపే హాల్లో ఉండాలి. ప్రతి మ్యాచులో ఓడేటట్లు కనిపిస్తున్న పిల్లను ముందు తీయాలి, ఎందుకంటే మధ్యాహ్నానికి ఆ పిల్ల ఇంటిదారి పడుతుంది. గెలిచిన పిల్ల రెండో రౌండులో మళ్లీ దొరుకుతుంది.

ఓడిన పిల్లల ఫోటోలు ఎవరు కొంటారని నీకు సందేహం రావచ్చు. కొంటారు, కానీ హాలు గుమ్మం దగ్గర కొనరు. ఖమ్మం నుంచో కరీంనగర్ నుంచో చీకటితో బయలుదేరి వచ్చి, అరగంటైనా కాకముందే ఓడిపోయిన పిల్లను ఓదారుస్తున్న తండ్రి ముందు ధరల పట్టిక పెట్టడం మర్యాద కాదు, అలా పెడితే బేరమూ కుదరదు. ఆ రాత్రి మాటలేమీ లేకుండా ఒక లింకు పంపితే చాలు. 21-6తో ఓడిన గేమ్‌లో కూడా ఆ ఆరు పాయింట్లలో ఒకటైనా ఆ పిల్ల ఎగిరి కొట్టి సంపాదించినది ఉంటుంది. ఆ కొట్టే ఫోటో నీ దగ్గర ఉంటే, ఆ ఇంట్లో మరునాడు ఆ ఓటమి గురించి మాట్లాడుకునే తీరే వేరుగా ఉంటుంది. ఏడుస్తున్న ముఖాన్ని మాత్రం ఎన్నడూ అమ్మకానికి పెట్టవద్దు. పత్రికవారి కంటికి అది గొప్ప ఫోటో కావచ్చు. పన్నెండేళ్ల పిల్లకు అది తరగతి మొత్తం ఫోన్లలో తిరిగే ఫోటో.

హైదరాబాదులో ఈ పనికి బ్యాడ్మింటన్‌ను ఎంచుకోవడం తెలివైన పని. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలవడం, తరువాత గచ్చిబౌలిలో ఆయన అకాడమీ రావడం, 2012లో సైనా నెహ్వాల్, 2016లో సింధు ఒలింపిక్ పతకాలు తేవడం అన్నీ కలిసి ఆ నగరంలో ఎన్నో ఇళ్లలో పిల్లల చేతికి రాకెట్ ఇచ్చాయి. వ్యాపారపరంగా అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమంటే, ఈ ఆటకు తల్లిదండ్రులు వెంట వస్తారు, గ్యాలరీలో గంటల తరబడి కూర్చుంటారు. ప్రభుత్వ పాఠశాలల కబడ్డీ, ఖోఖో పోటీలకు పిల్లలు పీఈటీ మాస్టారి వెంట బస్సులో వస్తారు. కొనవలసినవారు ఆ మైదానంలోనే ఉండరు. అలాంటి పోటీకి ఎప్పుడైనా వెళితే వ్యాపారం సంగతి పక్కనబెట్టి, ఒక్కో జట్టుకు ఒక గ్రూప్ ఫోటో తీసి మాస్టారి చేతికి ఇచ్చి రా. ఆ పిల్లల్లో చాలామందికి ఆట దుస్తుల్లో ఉన్న ఫోటో అదొక్కటే అవుతుంది.

కోర్టు దగ్గర ఎక్కడ కూర్చుంటావన్నది ఏ లెన్సు పెడతావన్నదాని కంటే ముఖ్యం. నేల మీద కూర్చో. నిలబడి తీస్తే చిన్నపిల్లలు మరింత పొట్టిగా కనిపిస్తారు, వారి వెనుక ఆకుపచ్చ నేల తప్ప మరేమీ కనిపించదు. కోర్టు చివర నుంచి అవతలి పిల్లను తీయబోతే ఆటోఫోకస్ మధ్యలోని నెట్‌ను పట్టుకుంటుంది కాబట్టి, నెట్ స్తంభానికి కాస్త ఇవతలగా, అంపైరుకూ లైన్ జడ్జికీ అడ్డం రాకుండా పక్కన కూర్చుని, కోర్టులో ఒక సగాన్ని మాత్రమే చూడు. మొదటి గేమ్ ముగియగానే ఆటగాళ్లు వైపులు మారతారు కనుక రెండో గేమ్‌లో అవతలి పిల్ల నీ ముందుకే వస్తుంది. నీవు కదలవలసిన పని లేదు. కుడిచేతి వాటం పిల్ల స్మాష్‌కు సిద్ధమయ్యేటప్పుడు ఛాతీని తన కుడివైపుకు తిప్పుతుంది. నీవు ఆ వైపున ఉంటే ముఖమూ జెర్సీ మీది పేరూ వస్తాయి, ఎడమవైపున ఉంటే వీపు వస్తుంది. రాకెట్ షటిల్‌ను తాకే క్షణం కోసం కాచుకుని కూర్చునేవారు చాలామంది ఉన్నారు, నేను దానికి అంత విలువ ఇవ్వను, ఎందుకంటే ఆ క్షణంలో చేయి తరచుగా ముఖానికి అడ్డం వస్తుంది, కళ్లు మూసుకుపోతాయి. దానికి కొంచెం ముందు, ఎడమచేయి గాలిలోకి లేచి, చూపు షటిల్ మీద నిలిచి, కాలి మడమలు నేలను వదిలే సమయం ఒకటి ఉంటుంది. తల్లులు ఎంచుకునేది దాదాపు ఎప్పుడూ ఆ ఫోటోనే.

క్రికెట్‌కు పిలిస్తే కూడా ఇదే ఆలోచన పనికివస్తుంది. కుడిచేతి బ్యాటర్ ఛాతీ ఆఫ్ సైడ్ వైపు ఉంటుంది కనుక పాయింట్ దిక్కున, అంటే ఆ ఛాతీకి సూటిగా ఎదురుగా, బౌండరీ బయట కూర్చోవాలి. అయితే హెల్మెట్ జాలీ వెనుక ముఖం కనిపించదు కాబట్టి, ఓవరు మధ్యలో హెల్మెట్ తీసి చెమట తుడుచుకునే ఫోటో కవర్ డ్రైవ్ ఫోటో కంటే ముందు అమ్ముడుపోతే ఆశ్చర్యపోకు.

లెన్సు విషయానికి వస్తే, 70-200 మి.మీ. జూమ్, 2.8 అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం కొలత) ఉన్నది అందరూ చెప్పేదే, మంచిదే, కానీ ఖరీదైనది. కొనకముందు రెండు మూడు పోటీలకు అద్దెకు తీసుకుని చూడు. కోర్టు పక్కనే కూర్చునే అనుమతి దొరికితే 85 మి.మీ., 1.8 అపర్చర్ లెన్సు దానిలో చిన్న వంతు ధరకు వస్తుంది, అపర్చర్ సంఖ్య చిన్నదైతే వెలుతురు ఎక్కువ వస్తుంది కనుక వెలుతురు తక్కువైన హాల్లో ఇంకా మెరుగ్గా పనిచేస్తుంది. షట్టర్‌ను సెకనులో వెయ్యో వంతు దగ్గర ఉంచి, కెమెరా వెలుతురును ఎంతగా పట్టుకోవాలో చెప్పే ఐఎస్ఓను 3200 నుంచి 6400 వరకు పోనివ్వు. ఫోటోలో కాస్త గరుకు కనిపించినందుకు ఏ తల్లీ కొనడం మానదు, ముఖం కదిలిపోతే మాత్రం మానుతుంది. ఫ్లాష్‌ను ఇంట్లోనే వదిలి వెళ్లు, అది ఆడే పిల్ల కళ్లలో పడుతుంది. ఇంకొక సంగతి నిన్ను తప్పక తికమక పెడుతుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి పాత మెటల్ హేలైడ్ దీపాలూ చవక ఎల్ఈడీ దీపాలూ సెకనుకు వంద సార్లు మినుకుతాయి. మన కంటికి అది తెలియదు, వెయ్యో వంతు షట్టర్‌కు తెలుస్తుంది. వరుసగా తీసిన ఫోటోల్లో ఒకటి వెలుగుగా, ఒకటి పసుపుగా, ఒకటి చీకటిగా వస్తే కెమెరా చెడిపోయిందనుకోవద్దు. నీ కెమెరా మెనూలో యాంటీ ఫ్లిక్కర్ అని ఉంటే, దాన్ని ఆన్ చేయి.

తీసిన తరువాత ఏ ఫోటో ఏ పిల్లదో తేల్చడమే ఈ పనిలో అసలు శ్రమ. పెళ్లిలో అందరికీ ఒకే పెళ్లికూతురు. ఇక్కడ ఒక్క రోజులో వందమంది కథానాయికలు. పరుగు పందేల్లో ఛాతీ మీద నంబరు ఉంటుంది, జూనియర్ బ్యాడ్మింటన్‌లో చాలాసార్లు అదీ ఉండదు. ప్రతి మ్యాచుకు ముందు అంపైరును అడిగి స్కోరు షీటును ఒక ఫోటో తీసుకో, వెంటనే ఇద్దరు పిల్లల ముఖాలూ తీసుకో. ఆ తరువాత వచ్చే ఫోటోలన్నీ తదుపరి స్కోరు షీటు వరకు ఆ ఇద్దరివే అవుతాయి. ముఖాన్ని బట్టి ఫోటోలు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, కానీ పిల్లల ముఖాలను అలాంటి చోట దాచిపెట్టడానికి నేను ఒప్పుకోను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి వివరాలు వాడుకోవడానికి తల్లి లేదా తండ్రి సమ్మతి కావాలంటుంది. చట్టం లేకపోయినా నా మాట ఇదే.

కాబట్టి గ్యాలరీ ఎవరైనా తెరిచి చూసేదిగా ఉండకూడదు. ఒక్కో మ్యాచుకు ఒక్కో లింకు, దానికి పాస్‌వర్డు, ఆ పాస్‌వర్డు ఆ ఇద్దరు పిల్లల ఇళ్లవారికే. పిల్ల పేరూ ఊరూ అకాడమీ పేరూ ఫోటో మీద వేసి నీ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టవద్దు. పెట్టాలనిపిస్తే అడిగి, రాతపూర్వకంగా ఒప్పుకున్నవారివి మాత్రమే పెట్టు. దుస్తులు పక్కకు తొలిగిన ఫోటో, పడిపోయినప్పుడు ఇబ్బందిగా వచ్చిన ఫోటో కనిపిస్తే మరొకరికి చూపించకముందే తొలగించు. ఈత పోటీలకు రమ్మని అడిగితే, నా సలహా వెళ్లవద్దనే. వెళ్లక తప్పకపోతే కొలను బయట పతకంతో నిలబడిన ఫోటోలకే పరిమితమై ఉండు.

ధర విషయంలో నీవు ఒక్కో ఫోటోకు 500 అనుకున్నావు. తండ్రి చేతిలో అప్పటికే తన ఫోనులో తీసిన ఇరవై ఫోటోలు ఉంటాయి, అవి మసకగా ఉన్నా ఉచితం. విడి ఫోటోకు 150 పెట్టి, ఒక మ్యాచులోని మంచివన్నీ కలిపి 600కు ఇస్తే చాలామంది రెండోదే తీసుకుంటారని నా అంచనా, నీకూ ఏరి ఇచ్చే శ్రమ తగ్గుతుంది. నమూనాలను చిన్న సైజులో, వాటర్‌మార్కు ముఖం మీద పడకుండా వేసి, అదే రాత్రి పంపు. ఆట వేడి మూడో రోజుకు చల్లారిపోతుంది, సోమవారం హోంవర్కు మొదలైతే నీ లింకును ఎవరూ తెరవరు. కొందరు నమూనానే స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టుకుంటారు; వారితో తగవు పెట్టుకోవద్దు. డబ్బు కట్టినవారికి అసలు ఫైలును వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది కాబట్టి డాక్యుమెంటుగానో లింకుగానో పంపు. 8×12 ప్రింటు అడిగినవారి ఫైళ్లు నాకు పంపితే ఇక్కడి ల్యాబులో వేయించి కొరియర్ చేస్తాను. జీఎస్టీ గురించి కూడా రాయమని అమ్మ అంది: సేవలకు ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉన్నంతకాలం సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ప్రస్తుతానికి మనకు ఆ చింత లేదు.

నిర్వాహకులను డబ్బు అడగవద్దు. బహుమతి ప్రదానం ఫోటోలు ఉచితంగా ఇస్తానని చెప్పి, బదులుగా కోర్టు పక్కన కూర్చోవడానికి అనుమతి, మెడలో వేసుకునే గుర్తింపు కార్డు, ఉదయం మైకులో ఒక ప్రకటన అడుగు. ఫలానా ఫోటోగ్రాఫర్ పిల్లల ఆట ఫోటోలు తీస్తున్నారు, తమ పిల్లల ఫోటోలు వద్దనుకునేవారు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పేరు ఇవ్వవచ్చు అని ఆ ప్రకటనలో ఉండాలి, ఆ పేర్ల జాబితా నీ జేబులో ఉండాలి. ఈ అనుమతి అంతా కాగితం మీద ఉండాలి. హక్కుల గురించి కూడా ఒక మాట: 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం నీవు నీ అంతట నీవు తీసిన ఫోటో హక్కు నీదే, కానీ ఒక తండ్రి ముందుగా డబ్బిచ్చి తన బిడ్డను తీయమని అడిగితే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ హక్కు ఆయనకు వెళ్తుంది. ముందస్తు ఆర్డర్లు తీసుకుంటే రసీదులోనే ఆ సంగతి స్పష్టంగా రాయి. హక్కు నీదైనా, ఆ పిల్ల ఫోటోను ఏ రాకెట్ దుకాణం ప్రకటనకో ఇచ్చే అధికారం నీకు వచ్చినట్లు కాదు, దానికి తల్లిదండ్రులను విడిగా అడగాలి.

అనుమతి పత్రమూ రసీదూ ముసాయిదాలు రాసి పంపితే చూసి తిప్పి పంపుతాను. మన స్టూడియోలో 85 లెన్సు ఒకటి బీరువాలో ఊరికే ఉంది. నీ కెమెరా మౌంటు (లెన్సు బిగించే చోటు) ఏ రకమో రాస్తే, సరిపోయేదైతే ఈ వారంలోనే బస్సు పార్సిల్‌లో వేస్తాను.

ఇట్లు,
మీ నాన్న