సోమవారం చేరిన శాంపిల్‌కి సోమవారమే ‘48 గంటల’ రిపోర్టు ఎలా వచ్చింది?

బుచ్చిరెడ్డిపాళెం,
నెల్లూరు జిల్లా.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మా అమ్మ మోకాలి నీటి పరీక్షకు మీ ల్యాబ్ ఇచ్చిన తప్పుడు రిపోర్టు.

అయ్యా,

మా అమ్మకి కుడి మోకాలు మార్పించి రెండేళ్లయింది. నాట్లేసి, కలుపు తీసి అరగదీసుకున్న మోకాళ్లు ఆమెవి. ఏడాదిన్నర బాగానే నడిచింది. ఆర్నెల్లుగా కుడి మోకాలు వాచి, రాత్రయితే సలుపు. ఒంట్లో వాపుని చూపే రక్తపరీక్షల్లో సీఆర్‌పీ 38, ఈఎస్‌ఆర్ 72 వచ్చాయి. పెట్టిన కీలుకి ఇన్‌ఫెక్షన్ పట్టిందేమోనని డాక్టరు గారికి అనుమానం. రక్తం ఒక్కటే చూసి తేల్చలేమని, కీల్లోంచి నీరు తీసి పరీక్షకి పంపాలన్నారు. మందు వాడుతూ ఉంటే లోపల బ్యాక్టీరియా ఉన్నా కల్చర్‌లో, అంటే బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్షలో, బయటపడకపోవచ్చట, అందుకని వాడుతున్న యాంటీబయాటిక్ రెండు వారాలు ఆపించారు. ఆ రెండు వారాలు అమ్మ పడిన బాధ ఇక్కడ రాసినా మీకు అర్థం కాదు.

శనివారం సూదితో నీరు తీశారు. సెల్ కౌంట్‌కి (కణాలు లెక్కపెట్టడానికి) ఊదా రంగు మూత ట్యూబులో కొంత, కల్చర్‌కి బ్లడ్ కల్చర్ బాటిల్‌లో కొంత పోసి ఇచ్చారు. ఫారం మీద ‘14 రోజులు ఉంచాలి’ అని ఎర్ర పెన్నుతో రాశారు. నేనే చేత్తో పట్టుకుని నెల్లూరు పొగతోటలో ఉన్న మీ కలెక్షన్ సెంటర్‌కి వెళ్లాను. అక్కడి అబ్బాయి ఊదా మూత ట్యూబు తెరిచి, ఆ నీటిని తెల్ల మూత డబ్బాలోకి వంచేశాడు. ఇదేంటని అడిగితే, “బార్‌కోడ్ ఈ డబ్బాకే వచ్చింది మేడమ్” అన్నాడు. కల్చర్ బాటిల్‌ని ఐస్ ప్యాక్‌ల మధ్య పెట్టాడు. రొట్టెల పండగ రద్దీ, రేపు ఆదివారం, బండి సోమవారం తెల్లవారుజామునే పోతుందన్నాడు. నేను టీచర్ని, డాక్టర్ని కాదు. నోరు మూసుకుని 3,850 రూపాయలు కట్టి వచ్చాను. అప్పుడే గొడవ పడాల్సింది.

సోమవారం సాయంత్రం వాట్సాప్‌లో రిపోర్టు వచ్చింది. దయచేసి మీరే ఒకసారి తెరిచి చూడండి. చెన్నై ల్యాబుకి శాంపిల్ అందింది సోమవారం ఉదయం 9.10కి. రిపోర్టు విడుదలైంది అదే రోజు సాయంత్రం 6.25కి. కల్చర్ దగ్గర మాత్రం ‘48 గంటల తర్వాత ఎటువంటి పెరుగుదల లేదు, ఫైనల్’ అని ఉంది. తొమ్మిది గంటల పదిహేను నిమిషాల్లో 48 గంటలు ఎలా గడిచాయో నాకు లెక్క చెప్పండి. సెల్ కౌంట్ దగ్గర ‘శాంపిల్ గడ్డకట్టింది, చేయలేదు’ అని ఉంది. గడ్డకట్టకుండా మందు ఉండే ఊదా మూత ట్యూబులో ఇచ్చిన నీటిని మామూలు డబ్బాలోకి ఎందుకు మార్చారు? చేయని పరీక్షకి డబ్బు మాత్రం తీసుకున్నారు.

శాంపిల్ చెడిపోయిందని ఒక్క ముక్క రాసి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు. చెడిన శాంపిల్ మీద ‘ఫైనల్’ అని రాయడమే నా ఫిర్యాదు. కృత్రిమ కీలు లోహం మీద బ్యాక్టీరియా జిగురు పొరలా అతుక్కుని ఉంటుందని, వాటిలో కొన్ని రకాలు ల్యాబులో కనబడడానికి వారం పైనే పడుతుందని డాక్టరు గారు మాకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఆయన మీ రిపోర్టు నమ్మలేదు కాబట్టి సరిపోయింది. నమ్మి ఉంటే మేము నొప్పి మాత్రలతో ఇంకో ఆర్నెల్లు గడిపేవాళ్లం.

మళ్లీ సూది అనగానే అమ్మ నా వైపు చూసి, “ఏం మే, మళ్లీ పొడిపించుకోవాల్నా?” అంది. ఏం చెప్పను? రెండోసారి వేరే ల్యాబులో ఇచ్చాం. కీలు నీటిలో తెల్లకణాలు 14,200, అందులో 91 శాతం న్యూట్రోఫిల్స్, అంటే బ్యాక్టీరియాతో పోరాడే రకం. తెల్లకణాలు 3,000 దాటితే చాలు, అనుమానించాలట. అయిదో రోజున స్టఫైలోకాకస్ ఎపిడర్మిడిస్ అనే బ్యాక్టీరియా పెరిగింది. ఏ మందుకి లొంగుతుందో కూడా ఆ రిపోర్టులోనే ఉంది. ఇన్‌ఫెక్షన్ పాతబడింది కాబట్టి లోపల కడిగి సరిపెట్టడం కుదరదన్నారు. పెట్టిన కీలు తీసేసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంట్ దిమ్మ పెట్టి, వారాల తరబడి మందులు వాడాక, మళ్లీ ఇంకో ఆపరేషన్‌తో కొత్త కీలు పెడతారు. ఆ ఇన్‌ఫెక్షన్ మీవల్ల వచ్చిందని నేను అనడం లేదు. మూడు వారాల ఆలస్యం, రెండో సూది మాత్రం మీవే.

ఆ రిపోర్టు రద్దు చేసినట్టు లిఖితపూర్వకంగా ఇవ్వండి. ఆ ‘48 గంటలు’ ఎవరు టైప్ చేశారో, సంతకం పెట్టిన డాక్టరు ఆ టైములు చూశారో లేదో చెప్పండి. నా 3,850 రూపాయలు వెనక్కి ఇవ్వండి. ఆ కలెక్షన్ సెంటర్ అబ్బాయిని ఉద్యోగంలోంచి తీసేశామని మాత్రం నాకు జవాబు రాయకండి. ఏ ట్యూబు దేనికో అతనికి నేర్పాల్సింది మీరు.

పదిహేను రోజుల్లో సమాధానం రాకపోతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. రెండు రిపోర్టులు, బిల్లు, ఎర్ర పెన్ను రాత ఉన్న ఫారం ఫోటో జత చేస్తున్నాను.

ఇట్లు,
పేషెంటు కూతురు