బాటిల్ కదలకూడదు

చిన్నూ,

వారానికి ఒక్కసారి మించి పూల్ బల్ల దగ్గర బంతులు కొట్టడం కుదరట్లేదని, వెళ్లిన రోజున కూడా మొదటి గంటంతా చెయ్యి సర్దుకోవడానికే పోతోందని నిన్న ఫోన్లో చెప్పావు కదా, ఇంట్లో స్ట్రోక్, అదే కర్ర ఊపి కొట్టడం, ప్రాక్టీస్ చేసుకోవడానికి ఏదైనా పరికరం కొననా అని కూడా అడిగావు. కొనకు. ఒక ఖాళీ అర లీటరు ప్లాస్టిక్ బాటిల్ చాలు.

బాటిల్ సంగతికి ముందు నా తెలివితక్కువ పని ఒకటి చెప్తాను. నీ వయసులో నేనూ ఒక పరికరం చేశాను. చెక్క మీద రెండు బద్దలు పక్కపక్కనే మేకులతో కొట్టి, మధ్య సందులో క్యూ కర్ర ముందుకీ వెనక్కీ ఆడించేవాణ్ణి, అలా చేస్తే చెయ్యి దానంతటదే తిన్నగా అలవాటు పడుతుందనుకున్నా. మూడు నెలలు చేశాక తేలిందేంటంటే నా స్ట్రోక్ ఇంకా పాడైంది! చెయ్యి కుడి వైపుకి తోస్తూనే ఉంది, బద్ద అడ్డం పడి దాన్ని ఆపుతోంది, నేనేమో తిన్నగా వస్తోందని మురిసిపోతున్నా. అసలు బల్ల మీద బద్ద ఉండదుగా. పైగా క్యూ ముందు సన్నం, వెనక లావు, లావు వైపు పట్టేలా సందు పెడితే బంతిని తాకే కొస, అంటే టిప్ దగ్గర వదులైపోతుంది. అందుకే చెప్తున్నా, నీ చెయ్యి పట్టుకుని నడిపించేది వద్దు, తప్పు చేసినప్పుడు చెప్పేది కావాలి.

బాటిల్ చేసేది అదే. మూత తీసేసి, డైనింగ్ టేబుల్ మీద మందపాటి దుప్పటి పరిచి, మూతి నీ వైపు ఉండేలా పడుకోబెట్టు. మామూలు క్యూ టిప్ 12, 13 మిల్లీమీటర్లు ఉంటుంది, బాటిల్ మూతి లోపల 21, 22 ఉంటుంది, అంటే అటూ ఇటూ నాలుగేసి మిల్లీమీటర్లే ఖాళీ. ఇంకో సౌకర్యం ఏంటంటే, పూల్ బంతి 57 మిల్లీమీటర్లు కాబట్టి దాని మధ్యభాగం బల్లకి 28 మిల్లీమీటర్ల పైన ఉంటుంది, పడుకోబెట్టిన అర లీటరు బాటిల్ మూతి కూడా ఇంచుమించు ఆ ఎత్తులోనే వస్తుంది. పెద్ద బాటిల్ అయితే మూతి పైకి పోతుంది. నీళ్లు పోయకు, బరువెక్కితే తగిలినా కదలదు. గాజు సీసా అసలే వద్దు.

మూతి ముందు, క్యూతో కొట్టే తెల్ల బంతి ఉందనుకుని వంగు, రెండు మూడు సార్లు చిన్నగా ఆడించు, పూర్తిగా వెనక్కి లాగి ఒక్క క్షణం ఆగు, తర్వాత టిప్ నాలుగైదు అంగుళాలు లోపలికి పోయేలా వదులు. అంచుకి తగిలితే టక్కుమంటుంది, బాటిల్ పక్కకి జరుగుతుంది. ఎటు జరిగిందో చూసుకో, ఎప్పుడూ ఒకే వైపు జరుగుతుంటే నీ మోచెయ్యో మణికట్టో అటు తిరుగుతోందన్నమాట. టిప్ బంతిని తాకి ఉండేది సెకనులో దాదాపు వెయ్యో వంతు మాత్రమే, ఆ తర్వాత నువ్వేం సర్దుకున్నా బంతికి తెలీదు. మరి లోపలిదాకా పోనివ్వడం ఎందుకంటావా? అక్కడే ఆపేద్దాం అనుకున్న చెయ్యి తాకకముందే బిగుసుకుంటుంది కాబట్టి. నువ్వు మధ్యలో కొట్టాననుకుంటూ ఓ రెండు మూడు మిల్లీమీటర్లు కుడికి కొడితే బంతికి సైడ్ స్పిన్, అంటే పక్కకి గిరగిరా తిరగడం, రావడమే కాదు, అది కాస్త ఎడమకి పక్కదారి పడుతుంది. నువ్వు అప్పుడు గురి తప్పిందనుకుంటావు, గురి బాగానే ఉంటుంది.

మెల్లగా చేస్తే పది సార్లకి పది లోపలికి పోతాయి, అది చూసి మోసపోకు. నిజంగా షాట్ కొట్టే వేగంలో చేస్తేనే లెక్క.

బాటిల్ అవతల గోడకి ఆనించి ఒక అద్దం పెడితే ఇంకా మంచిది. క్యూ, అద్దంలో దాని ప్రతిబింబం కలిసి ఒకే గీతలా కనపడాలి. టిప్ బాటిల్ మూతి దగ్గర ఉన్నప్పుడు ముంజెయ్యి నిలువుగా ఉందో లేదో చూడటానికి దారానికి ఒక నట్టు కట్టి వెనక వేలాడదీసి, పక్క నుంచి వీడియో తీసుకో.

ఇవన్నీ పిల్లాటల్లా ఉన్నాయని నవ్వకు. అమెరికా పూల్ చాంపియన్ విల్లీ మోస్కోనీ చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆడనివ్వకుండా బంతులు దాచేస్తే, చీపురు కర్రతో బంగాళాదుంపలు కొట్టి నేర్చుకున్నాడట. 1954లో అదే మనిషి ఒక ఎగ్జిబిషన్ మ్యాచ్‌లో ఒక్కటి కూడా తప్పకుండా వరసగా 526 బంతులు పాకెట్లలో వేశాడు. అయినా నువ్వు దుంపల జోలికి పోకు, తిన్నగా దొర్లవు.

రోజుకి పావుగంట చాలు, విసుగొస్తే ఆపేయ్, విసుగుతో చేస్తే చెడ్డ అలవాటే గట్టిపడుతుంది. మొదలుపెట్టేముందు వెనకాల ఏముందో చూసుకో, క్యూ పొడవు దాదాపు 58 అంగుళాలు. నేనోసారి చూసుకోకుండా లాగి షోకేసు అద్దం పగలగొట్టాను, మీ అమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు.

వారం తర్వాత పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి వీడియో తీసి పంపు. నీ మొహం కనపడకపోయినా పర్లేదు, మోచెయ్యి మాత్రం కనపడాలి.

నాన్న