గుండూ, ఏనుగులు దండం పెట్టడం చూశానురా

త్రిస్సూర్,
ఏకాదశి రాత్రి

ఒరేయ్ గుండూ,

నీ రెండు ఉత్తరాలకీ జవాబు రాయలేదు, తప్పు నాదే, కోపం తెచ్చుకోకు. అమ్మ పది రోజులుగా నా దగ్గరే ఉంది, రేపు పొద్దున్నే ధన్‌బాద్ బండికి వెళ్తోంది. ఈ ఉత్తరం తనే తెచ్చి నీ చేతిలో పెడుతుంది. నేను బాగున్నాను, ఆడిట్ అయిపోయింది, ఇల్లు మారలేదు. నాన్నగారి మోకాలు ఎలా ఉందో రాయి. ఇవన్నీ తర్వాత. నిన్నటి సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

అమ్మ గురువాయూరు ఏకాదశి చూడాలంది. ఏకాదశి నాడు జనం తోసేస్తారని ఒకరోజు ముందే, అంటే దశమికే వెళ్లాం. ఆ ఊళ్లో తిరువెంకటాచలపతి గుడి ఉందని ఎవరో చెప్పారు. మన వెంకన్నే! అమ్మ ఆగుతుందా? ముందు అక్కడికే పద అంది. తీరా వెళ్తే ఆ వీధిలో ఏనుగులు, ఒకదాని వెనక ఒకటి. పదో పన్నెండో ఉంటాయి. ముందున్న దాని మీద దేవుడి విగ్రహం ఉంటుందనుకుని అమ్మ చేతులు జోడించింది. చూస్తే దాని మీద ఉన్నది పూలు చుట్టిన ఒక పటం. ఆ పటంలో ఏనుగు!

పక్కనే టీ కొట్టు ముందు నిలబడ్డ పెద్దాయన్ని నాకొచ్చిన మలయాళంలో అడిగాను, ఇదేం ఉత్సవమండీ అని. "కేశవన్" అన్నాడు. మనిషా అంటే, కాదు ఏనుగు, చనిపోయింది, ఇవాళ దానికి దండ వేస్తారు అన్నాడు. అమ్మకి చెప్పాను. "అంటే... ఏనుగుకి ఆబ్దికమా?" అని చెప్పులు విప్పేసి, ఆ రోడ్డు మీద వట్టి కాళ్లతో వాళ్ల వెంట నడవడం మొదలుపెట్టిందిరా.

దారి పొడుగునా ఆ పెద్దాయన చెబుతూనే ఉన్నాడు. 1921లో మలబారు అల్లర్లప్పుడు నీలంబూర్ రాజావారు తమ కుటుంబం క్షేమంగా గట్టెక్కితే ఏనుగునిస్తానని గురువాయూరప్పకి, అంటే ఆ ఊరి కృష్ణుడికి, మొక్కుకున్నారట. 1922 జనవరిలో ఆ మొక్కు తీర్చుకున్నారు. అలా వచ్చిన ఏనుగే కేశవన్. యాభై నాలుగేళ్లు ఆ గుడి దగ్గరే ఉంది. పదిన్నర అడుగుల ఎత్తు. 1973లో దానికి గజరాజు అని బిరుదిచ్చారు. 1976 డిసెంబరు 2న పోయింది. అది గురువాయూరు ఏకాదశి రోజు! రోజంతా ఏమీ ముట్టలేదట. ఒరిగిపోయేటప్పుడు గుడి వైపు తిరిగి, తొండం ఎత్తి ఉందట. ఇది చెప్పేటప్పుడు పెద్దాయన తన చెయ్యి కూడా అలాగే పైకెత్తాడు.

ఇంకోటి చెప్పాడు, నువ్వు వినాల్సింది. దేవుడి తిడంబు, అంటే ఊరేగింపు విగ్రహం, పట్టుకున్న పూజారికి మాత్రమే కేశవన్ ముందుకాలు వంచేదట. మిగతావాళ్లెవరైనా వెనక కాలు మీంచి ఎక్కాల్సిందే. ఒరేయ్, నాకు వెంటనే ఎవరు గుర్తొచ్చారో చెప్పు! మీ తాతగారికి తప్ప మెడ వంచని మన ఎద్దు రాముడు! చింతకొమ్మ మీంచి నువ్వూ నేనూ... సరే, ఆ సంగతీ, నీ ఎర్ర చొక్కా సంగతీ అమ్మ ఈ ఉత్తరం చదివినా అర్థం కాకూడదని ఇక్కడితో ఆపుతున్నాను.

శ్రీవల్సం అని దేవస్థానం వాళ్ల అతిథిగృహం ఉంది. దాని ముందు కేశవన్ విగ్రహం, పన్నెండడుగులు. ఏనుగులన్నీ అక్కడ వరసగా నిలబడ్డాయి. నాకు నాలుగడుగుల దూరంలో ఒకటి. దాని కంటి కింద నుంచి తడి చార దిగి ఎండిపోయి ఉంది. వెంట్రుకలు దబ్బనాల్లా ఉన్నాయి. చెవి ఆడించినప్పుడల్లా నా మొహానికి గాలి, తాటాకు వాసన. మావటి దాని కాలికి వీపు ఆనించి నిలబడ్డాడు, మనం గోడకి ఆనుకున్నట్టు.

అప్పుడు ముందున్న ఏనుగు తొండంతో దండ అందుకుంది. జనం మాట్లాడటం మానేశారు, గొలుసు చప్పుడు ఒక్కటే వినబడుతోంది. మెల్లగా వెళ్లి విగ్రహం దగ్గర దండ పెట్టింది. వెనకనున్నవన్నీ తొండాలెత్తి దండం పెట్టాయి. గుండూ, నాకు ఏడుపొచ్చింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఏమీ అనలేదు.

ఇంత ప్రేమ చూసి కూడా ఆ కాళ్లకున్న గొలుసుల మీంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. ఇప్పుడున్న ఏనుగుల్ని పున్నత్తూరు కోటలో ఉంచుతారు, అది ఒకప్పుడు రాజుల ఇల్లు. అక్కడికీ వెళ్దామనుకున్నాను కానీ... ఏమోరా, దీని గురించి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి.

తర్వాత గుడికి వెళ్లాం. కేశవన్ దంతాలూ, పటమూ లోపలికి వెళ్లే చోటే పెట్టారు. దేవుణ్ణి చూడబోయే ప్రతివాడూ ముందు వాటిని చూస్తాడు. బయట చెంబై సంగీతోత్సవంలో పంచరత్నాలు పాడుతున్నారు. అంతమంది మలయాళీలు గొంతు కలిపి త్యాగరాజస్వామి తెలుగు పాడుతుంటే అమ్మ మొహం చూడాలి నువ్వు! ఇవాళ ఏకాదశికి గోధుమన్నం, పుళుక్కు అనే దుంపల కూర పెట్టారు. నెయ్యి ఉంటే బాగుండునంది అమ్మ.

అసలు అడగాలనుకున్నది ఇది. రాముణ్ణి పూడ్చినచోటు చింతచెట్టుకి తూర్పునే కదా? మీ తాతగారు సంతలో సరుకు దింపి బండిలో నిద్రపోతే, ఆ చీకట్లో కాలవగట్టు మీదుగా ఇల్లు చేర్చింది రాముడే. రాముడు పోయినరోజు తాతగారు అన్నం తినలేదు. మనం ఇద్దరం అరుగు కింద కూర్చుని ఉన్నాం. ఊళ్లో సగంమందికి ఇంకా రాముడు గుర్తే. అయినా అక్కడ ఒక రాయి కూడా లేదురా. నేను కనుమకి వస్తున్నాను, సెలవు పెట్టేశాను. పెద్దది అక్కర్లేదు, ఒక రాయి, దాని మీద పేరు చాలు. మీ నాన్నగారితో నువ్వే మాట్లాడు, నేనైతే అడిగేలోపే గొంతు పట్టేస్తుంది. ఆ రోజు పశువులకి కొమ్ములు కడిగి రంగులేశాక, మొదటి దండ మాత్రం

అమ్మ లైటు ఆపమంటోంది, మూడింటికే లేవాలట. పులిహోర కూడా కట్టాలి. రాయి సంగతి మర్చిపోకు.

నీ
బక్కోడు