రక్తం ఆపే పెట్టెలు కావాలి: విశాఖ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. తొడలో పెద్ద ధమని తెగితే మూడు నుంచి ఐదు నిమిషాల్లో ప్రాణం పోయేంత రక్తం కారిపోవచ్చు. సాయంత్రం ఆరింటికి ఎన్‌ఏడీ కూడలిలోనో, గాజువాకలోనో అంతలోపు 108 వచ్చి చేరడం కష్టం. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన ఆ సర్వీసు ఎంత మేలు చేసిందో అందరికీ తెలుసు. దాన్ని తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. బండి వచ్చేదాకా గడిచే ఆ కాసేపటి గురించి రాస్తున్నాం. అప్పుడు గాయపడిన మనిషి పక్కన ఉండేది ఆటో డ్రైవరో, పళ్ల బండి ఆమో, ట్రాఫిక్ కానిస్టేబులో, ఆర్టీసీ కండక్టరో. వాళ్లకు సరైన సామాను అందుబాటులో ఉంచి, దాన్ని వాడడం చేతులతో చేయించి నేర్పించండి. మా విన్నపం ఇదే.

మామూలుగా కనిపించే ప్రథమ చికిత్స పెట్టె తెరిస్తే ఏముంటుంది? ఒక దూది చుట్ట, గడువు దాటిన అయోడిన్ సీసా, నాలుగు బ్యాండ్ ఎయిడ్లు, నొప్పి మాత్రలు. మోకాలు గీరుకుపోతే ఇవి చాలు. ధమని తెగితే ఒక్కటీ పనికిరాదు. దూది రక్తాన్ని పీల్చుకుంటుందే తప్ప తెగిన నాళాన్ని నొక్కి పట్టలేదు. పైగా దాని పీచు గాయంలో అంటుకుపోయి తర్వాత సర్జన్‌కు పని పెంచుతుంది. నొప్పి మాత్రల్లో కొన్ని రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తాయి కూడా. ఇక పెట్టెకు తాళం వేసి, తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో ఉంటే ఆ పెట్టె ఉన్నా లేనట్టే. ప్రతి 150 మంది కార్మికులకు ఒక పెట్టె ఉండాలని, దాని బాధ్యత ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉన్న మనిషికే అప్పగించాలని, పని జరిగినంతసేపూ ఆ మనిషి అందుబాటులో ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్‌లోనే రాశారు. ఆటోనగర్ షెడ్లలో ఆ సర్టిఫికెట్ ఎంతమంది దగ్గరుందో మీ అధికారులతో ఒకసారి అడిగించండి.

మేం అడిగే పెట్టెలో ఉండాల్సినవి ఎక్కువేం కాదు. టోర్నికెట్లు రెండు, అంటే కడ్డీ తిప్పి బిగించే పట్టీలు. నాలుగంగుళాల వెడల్పు గాజుగుడ్డ చుట్టలు ఆరు. ఆరంగుళాల క్రేప్ బ్యాండేజీలు రెండు. నైట్రైల్ గ్లవ్స్ నాలుగు జతలు. జీన్స్‌ను కూడా కోయగల మొండి మొన కత్తెర ఒకటి. చెరగని మార్కర్ పెన్ను, ఒక పల్చటి దుప్పటి, జిప్ కవర్లు. మూత లోపలి వైపు బొమ్మలతో తెలుగు సూచనలు. అంతే. కత్తెర ఎందుకని కొందరు అడుగుతారు. ముదురు రంగు జీన్స్ లోపల అర లీటరు రక్తం ఇంకినా పైకి కనపడదు. బట్ట కోసి చూస్తే తప్ప గాయం ఎక్కడుందో తెలియదు, తెలియని చోట నొక్కలేం.

అర లీటరేనా అని తీసిపారేయకూడదు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేది సుమారు ఐదు లీటర్లు. అందులో రెండు లీటర్లు పోతే ప్రాణాపాయం. ఇరవై కిలోల పిల్లవాడి ఒంట్లో మొత్తం ఉండేదే లీటరున్నర, వాడికి అర లీటరంటే మూడో వంతు. రక్తం చిమ్ముతున్నా, కింద మడుగు కడుతున్నా, కట్టిన గుడ్డ ఆగకుండా తడిసిపోతున్నా, మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు చల్లబడి చెమటలు పడుతున్నా ఇది మామూలు గాయం కాదని గుర్తించడం శిక్షణలో మొదటి పాఠం కావాలి.

రెండో పాఠం నొక్కడం. తేలికగా కనిపిస్తుంది గానీ ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గాయం మీద గుడ్డ వేసి అరచేత్తో మెల్లగా అదిమితే ధమని ఆగదు. మనిషిని గట్టి నేల మీద పడుకోబెట్టి, రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసి, మోచేతులు వంచకుండా, ఒంటి బరువంతా గాయం మీద పడేలా నొక్కాలి. మెత్తటి సీటు మీద పడుకోబెడితే మన బరువంతా స్పాంజిలోకి పోతుంది. నొక్కాక పది నిమిషాలు ఎత్తి చూడకూడదు. ఆగిందేమో అని నిమిషానికోసారి తీసి చూస్తే అప్పుడే కడుతున్న గడ్డ ఊడిపోయి పని మళ్లీ మొదటికొస్తుంది. గుడ్డ తడిస్తే పైన ఇంకోటి వేసి ఇంకా గట్టిగా నొక్కాలి. అయినా ధారగా వస్తుంటే నొక్కుతున్న చోటు తప్పిందన్నమాట. అప్పుడు మాత్రం పై గుడ్డలు తీసి, రక్తం ఊరుతున్న చోటు సరిగ్గా చూసుకుని మళ్లీ నొక్కాలి.

గాయం లోతుగా ఉంటే పైనుంచి నొక్కడం సరిపోదు. గజ్జలో, చంకలో, భుజం మొదట్లో తెగితే పట్టీ కట్టడానికీ చోటుండదు. అక్కడ గాజుగుడ్డను గాయంలోకి కూరాలి. వేలితో రక్తం ఎక్కణ్నుంచి వస్తోందో వెతికి, గుడ్డ కొస అక్కడ ఆనించి, ఒక వేలు దాన్ని వదలకుండా పట్టి ఉంచి, రెండో చేతి వేలితో మిగతా గుడ్డను లోపలికి తోస్తూ పోవాలి. గుడ్డ గాయం అంచుకన్నా పైకి ఉబ్బేదాకా కూరి, ఆ తర్వాత రెండు చేతులతో పది నిమిషాలు నొక్కి పట్టాలి. గుడ్డను పైపైన పేర్చి లోపల ఖాళీ వదిలేస్తే రక్తం అడుగున కారుతూనే ఉంటుంది. ఛాతీలో, పొట్టలో గాయాలను ఇలా కూరకూడదు. గుచ్చుకున్న ఇనుప ముక్కను, గాజు పెంకును పీకకూడదు. అటూ ఇటూ గుడ్డ పెట్టి కదలకుండా కట్టాలి. మెడ మీద గాయమైతే చేత్తో నొక్కి పట్టుకోవాలే గానీ మెడ చుట్టూ కట్టు బిగించకూడదు. ఇవన్నీ పోస్టర్ చూసి వచ్చే విద్యలు కావు. లోపల గొట్టంలోంచి ఎర్రనీళ్లు వచ్చే నమూనా మీద ప్రతి మనిషీ రెండుసార్లు చేసి చూస్తేనే చెయ్యి నేర్చుకుంటుంది.

ఇక టోర్నికెట్. చేతికో కాలికో తగిలిన గాయం నొక్కినా ఆగకపోతే, లేదా ఆ భాగం నలిగి, తెగిపోయి ఉంటే ఇది కట్టాలి. గాయానికి రెండు మూడంగుళాల పైన, ఒంటి వైపు కట్టాలి. మోకాలి మీద, మోచేతి మీద కట్టకూడదు. జేబులో ఫోనో తాళాలో ఉంటే తీసేయాలి, లేకపోతే వాటి మీద పట్టీ కూర్చోదు. ముందు పట్టీని వీలైనంత లాగి, తర్వాత కడ్డీ తిప్పాలి. వదులుగా ఉన్న పట్టీకి కడ్డీని ఎన్ని చుట్లు తిప్పినా ఫలితం ఉండదు. రక్తం ఆగేదాకా తిప్పి, కడ్డీని కొక్కెంలో పెట్టి, కట్టిన టైము మార్కర్‌తో పట్టీ మీదో నుదుటి మీదో రాయాలి. ఆగకపోతే దానికి ఆనుకుని, ఒంటి వైపు రెండోది కట్టాలి. పెట్టెకు రెండు అడిగింది ఇందుకే.

కట్టించుకున్న మనిషి నొప్పితో అరుస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు జాలిపడి వదులు చేయమంటారు. చేయకూడదు. సగం బిగించిన పట్టీ అసలు కట్టకపోవడం కన్నా చేటు. సిరలు పైపైన ఉంటాయి కాబట్టి ముందు అవి మూసుకుంటాయి, లోపలి ధమని మాత్రం పారుతూనే ఉంటుంది. లోపలికి వచ్చిన రక్తం వెనక్కి పోయే దారి లేక గాయంలోంచే బయటికి తోసుకొస్తుంది. బెల్టుతో, ప్లాస్టిక్ తాడుతో కట్టిన కట్లు చాలావరకు ఇలాగే విఫలమవుతాయి. పెట్టె అందనప్పుడు తువ్వాలును రెండంగుళాల వెడల్పు పట్టీగా మడిచి కట్టి, ముడిలో స్పానర్ దూర్చి మెలితిప్పి, అది వెనక్కి తిరగకుండా కట్టేస్తే పనిచేసే అవకాశం ఉంది. రెండు గంటల లోపు ఆసుపత్రికి చేరితే కాలు పోతుందన్న భయం అక్కర్లేదు. విప్పే పని డాక్టర్లది.

కొనుగోలు గురించి గట్టిగా ఒక మాట చెప్పాలి. అసలు వాటిలాగే కనిపించే నాసిరకం టోర్నికెట్లు ఆన్‌లైన్‌లో కుప్పలుగా దొరుకుతాయి. మూడో చుట్టుకే వాటి కడ్డీ విరుగుతుంది, వెల్క్రో జారిపోతుంది. తక్కువ ధర కోట్ చేసినవాడికే టెండర్ ఇస్తే వచ్చేవి అవే. పట్టీ వెడల్పు ఒకటిన్నర అంగుళాలకు తగ్గకూడదని, వచ్చిన ప్రతి లాటు నుంచి కొన్ని తీసి మనిషి తొడ మీద బిగించి చూశాకే బిల్లు చెల్లించాలని టెండర్‌లోనే రాయించండి. మన ఊరి ఉప్పుగాలికి ఇనుప పెట్టె తుప్పు పట్టి మూత బిగుసుకుపోతుంది. ఎండకు ప్లాస్టిక్ కడ్డీ పెళుసెక్కుతుంది. ఇసుక దూరితే వెల్క్రో పట్టు తప్పుతుంది. అందుకే ఆర్‌కే బీచ్‌లో, రుషికొండలో, ఫిషింగ్ హార్బర్‌లో రబ్బరు అంచున్న ప్లాస్టిక్ పెట్టెలను నీడలోనే పెట్టాలి. వేటకెళ్లే మరబోట్ల అవసరం వేరు. వల లాగే వించి దగ్గర వైరు తెగి కొడితే ఒడ్డుకు రావడానికి గంటలు పడుతుంది. ప్రతి బోటులో నీళ్లు చొరని సంచిలో ఈ సామాను ఉండాలి. సరంగుతో, అంటే బోటు నడిపే మనిషితో పాటు ఇంకొకరికైనా వాడడం తెలిసి ఉండాలి, దెబ్బ సరంగుకే తగలొచ్చు.

పాము కాటుకు మాత్రం టోర్నికెట్ కట్టకూడదు. ఈ హెచ్చరిక పెట్టె మూత మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. మన పల్లెల్లో కాటుకు పైన తాడు బిగించే అలవాటు ఇంకా ఉంది, దానివల్ల కాళ్లూ చేతులూ పోతాయి. రక్తం కారే చోట కట్టడానికి జంకి, కాటు వేసిన చోట బిగించి కట్టడం మన దగ్గర తరచూ జరిగే పొరపాటు. గాయం మీద పసుపు, కాఫీ పొడి, సున్నం, పెట్రోలు పోయడం కూడా అంతే. అవేవీ ధమనిని ఆపవు, గాయాన్ని చెడగొడతాయి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దాహమని అడిగినా ఇవ్వకూడదు, ఆపరేషన్ అవసరం కావచ్చు. దుప్పటి మాత్రం కప్పాలి. ఒళ్లు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు. మే నెల విశాఖలో కూడా ఈ మాట నిజమే.

రోజంతా నిలబడి పనిచేసే కండక్టర్లలో, హోటల్ పనివాళ్లలో కాలి నరాలు ఉబ్బినవాళ్లు ఎక్కువ. చీలమండ దగ్గర ఆ నరం చిట్లితే నొప్పి లేకుండా రక్తం ధార కడుతుంది. అక్కడ పట్టీలేమీ వద్దు. పడుకోబెట్టి, కాలు గుండెకన్నా ఎత్తులో పెట్టి, చిట్లిన చోట వేలితో నొక్కితే ఆగుతుంది. కుర్చీలో కూర్చోబెట్టి ఉంచితే ఆగదు.

ఆటోనగర్‌లో, షీట్ మెటల్ షెడ్లలో వేళ్లు తెగడం ఎక్కువ. తెగిన వేలిని నేరుగా ఐసులో వేస్తే కణాలు గడ్డకట్టి చచ్చిపోతాయి, తిరిగి అతకదు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, జిప్ కవర్లో పెట్టి మూసి, ఆ కవర్ను ఐసు నీళ్లున్న ఇంకో కవర్లో పెట్టి రోగితో పాటే పంపాలి.

108కి ఫోన్ చేసిన మనిషిని లైన్లో ఉంచి, "ఎక్కడ నొక్కుతున్నారు, చెయ్యి తీయకండి" అని తెలుగులో చెప్పే చిన్న స్క్రిప్టు ప్రతి ఆపరేటర్ దగ్గరా ఉండేలా చూడండి. రక్తం ఎక్కువ పోయినవారికి ట్రానెక్సామిక్ యాసిడ్ అనే రక్తస్రావం తగ్గించే మందును ఒక గ్రాము పది నిమిషాలపాటు, ఆ తర్వాత ఇంకో గ్రాము ఎనిమిది గంటలపాటు నరంలోకి ఎక్కిస్తే మరణాలు తగ్గుతాయని 2010లో వెలువడిన పెద్ద అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. గాయమైన మూడు గంటల లోపు ఇవ్వాలి, దాటితే చేటు కూడా. ఆ మందు ప్రతి బండిలో ఉండాలి. ఆటోలోనే తీసుకెళ్లాల్సి వస్తే దారి పొడుగునా గాయం మీంచి చెయ్యి తీయని మనిషి ఒకరు వెంట ఉండాలి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కు తీసుకెళ్లాలా, హనుమంతవాక దగ్గర విమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్లాలా అన్నది డ్రైవర్ ఊహకు వదలకండి. రాత్రి వేళ సర్జనూ రక్తమూ ఎక్కడ సిద్ధంగా ఉంటాయో ప్రతి ప్రాంతానికీ జాబితా ప్రకటించండి.

సాయం చేయడానికి జనం వెనకాడేది పోలీసు కేసు భయంతోనే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 134ఎ సెక్షన్, 2020 నాటి నిబంధనలు ఆ భయం అక్కర్లేకుండా చేశాయి. సాయం చేసినవారు ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కర్లేదు. ఈ హక్కులను స్థానిక భాషలో ఆసుపత్రి ముఖద్వారం దగ్గర ప్రదర్శించాలని అవే నిబంధనలు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నిటికీ చెబుతున్నాయి. నగరంలోని ఎన్ని గుమ్మాల దగ్గర తెలుగు బోర్డు కనిపిస్తుందో తనిఖీ చేయించండి.

జిల్లా రోడ్డు భద్రత కమిటీకీ, రెడ్ క్రాస్ జిల్లా శాఖకూ మీరే అధ్యక్షులు. కాబట్టి కొత్త శాఖ గానీ, కొత్త జీవో గానీ అవసరం లేదు. ఎన్‌ఏడీ, గాజువాక, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ, ఆనందపురం, ద్వారకా బస్ స్టేషన్, ఫిషింగ్ హార్బర్‌లతో మొదలుపెట్టవచ్చు. సింహాచలం గిరిప్రదక్షిణ రోజున 32 కిలోమీటర్ల దారిలో కొన్ని పెట్టెలు అదనంగా ఉంచాలి. ప్రతి పెట్టెకూ బాధ్యుడి పేరు, ఫోన్ నంబరు మూత మీద రాయాలి. వాడిన సామాను మర్నాడే నింపాలి. తాళం వేయకూడదు. పోతాయేమోనన్న అనుమానం ఉంటే ఎప్పుడూ మనిషి ఉండే టీ కొట్టులోనో, ఆటో స్టాండులోనో, పోలీసు బూత్‌లోనో పెట్టండి. శిక్షణ ఏడాదికోసారి మళ్లీ ఇవ్వాలి, చేయని పని చెయ్యి మరిచిపోతుంది. నమూనాలు తెచ్చి, ఆటో స్టాండ్ల దగ్గరికే వచ్చి, డ్రైవర్ల బేరాలు పోకుండా మధ్యాహ్నం ఖాళీ వేళల్లో నేర్పడానికి మేం సిద్ధం. తేదీ, చోటు చెప్పండి చాలు.

ఇట్లు,
విశాఖపట్నంలో ప్రథమ చికిత్స నేర్పే శిక్షకులు, అత్యవసర విభాగం నర్సులు