పండగ సినిమాల ఆటల పంపకం మాకూ కాస్త ముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

దీపావళికి వచ్చిన హిందీ సినిమాల వసూళ్ల గురించి పదిహేను రోజులుగా పత్రికల్లో చదువుతున్నాను. ఏది ముందు, ఏది వెనక, ఎన్ని కోట్లు అని అందరూ రాశారు. డబ్బులిచ్చి చూసినవాడికి ఏం దక్కిందో మాత్రం ఎవరూ రాయలేదు. 2024 నవంబర్ 1న వచ్చిన 'సింగమ్ అగైన్', 'భూల్ భులయ్యా 3' రెండూ నేను టికెట్ కొనుక్కునే చూశాను. పాతికేళ్లకు పైగా హిందీ సినిమా పిచ్చి ఉన్న హైదరాబాదీని కాబట్టి ఆ మాత్రం మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను.

ముందు తీర్పు చెప్పేస్తాను. నా ఓటు 'భూల్ భులయ్యా 3'కే. అదీ అత్తెసరు మార్కులతోనే పాసయింది.

'సింగమ్ అగైన్' చూస్తున్నంతసేపూ నాకు ఒకటే అనుమానం. ఇది ఎవరికోసం తీశారు? ప్రతినాయకుడు హీరో భార్యని ఎత్తుకుపోయి శ్రీలంకలో పెడతాడు. ఇక్కడ ఒక ఫైటు నడుస్తుంటే, అక్కడ రామ్‌లీల స్టేజీ మీద అదే ఘట్టం చూపిస్తారు. టైగర్ ష్రాఫ్ లక్ష్మణుడి లెక్క, రణవీర్ సింగ్ హనుమంతుడి లెక్క. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడి కథ మనకు తెలుసు కదా, సరిగ్గా అతన్ని కూర్చోబెట్టి విడమర్చి చెప్పినట్టు ఉంది. నా పక్క సీట్లో ఒక పెద్దావిడ మనవడితో వచ్చారు. తెరమీద రణవీర్ ఇంకా రాకముందే "ఇప్పుడు హనుమంతుడొస్తాడు చూడు" అన్నారు. వచ్చాడు. ఆ తర్వాత ఆవిడ హాయిగా కునుకు తీశారు.

అక్షయ్ కుమార్, దీపిక, రణవీర్, టైగర్, ఒక్కొక్కరూ దిగినప్పుడల్లా ఈలలు. దిగాక వాళ్లకు పనేమీ లేదు. పెళ్లికొచ్చి, స్టేజీ ఎక్కి ఫొటో దిగి, భోజనం చేసి వెళ్లిపోయే చుట్టాల్లా ఉన్నారు. అజయ్ దేవగణ్ కళ్లు మాత్రం ఇప్పటికీ పనిచేస్తాయి, అది ఒప్పుకోవాలి.

రెండో సినిమా మొదటి సగం కూడా సహనానికి పరీక్షే. పాత జోకులు, వాటికి తోడు చెవులు పగిలే నేపథ్య సంగీతం. కానీ విద్యాబాలన్, మాధురీ దీక్షిత్ కలిసి 'ఆమీ జే తోమార్' పాటకు నాట్యం చేసిన ఆ కాసేపు మా హాల్లో ఒక్క ఫోన్ వెలగలేదు. పాప్‌కార్న్ నమిలే చప్పుడు కూడా ఆగింది. ఇద్దరిలో ఎవరిని చూడాలో తెలియక కళ్లు అటూ ఇటూ తిరుగుతుంటే అదే పండగ అనిపించింది. ఆ ఒక్క పాటకే నా ఓటు.

మన పాఠకులు సరదా పడే సంగతి ఒకటుంది. ఈ రెండు వరసలూ మొదలైంది దక్షిణాది కథలతోనే. 2011 నాటి హిందీ 'సింగమ్' 2010లో వచ్చిన తమిళ 'సింగం'కి రీమేక్. ఆ సూర్య సినిమా మనకు 'యముడు'గా డబ్ అయింది. రణవీర్ వేసిన సింబా పాత్ర మన 'టెంపర్' నుంచి వెళ్లిందే. 'భూల్ భులయ్యా' 1993 నాటి మలయాళ 'మణిచిత్రతాళు' నుంచి వచ్చింది, మనకది 'చంద్రముఖి'గా తెలుసు. అంటే ముంబయి దీపావళి విందుకి పప్పూ ఉప్పూ మన వీధి నుంచే వెళ్లాయి. వెళ్లినందుకు బాధ లేదు. మూడోసారి కూడా అదే పప్పు వేడిచేసి పెట్టడమే బాధ. రెండూ మూడో భాగాలే మరి.

ఒకే రోజున పోటీ పడటాన్ని నేను తప్పు పట్టను. 2000 అక్టోబర్ 27న 'మొహబ్బతేఁ', 'మిషన్ కశ్మీర్' ఒకేసారి వచ్చాయి. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. ఒకే రోజు మార్నింగ్ షోకి ఒకటి, మ్యాట్నీకి ఇంకొకటి చూసి, మూడున్నర గంటల 'మొహబ్బతేఁ' అయ్యాక ఆబిడ్స్‌లో నడుములు పట్టుకుని ఇరానీ చాయ్ తాగాం. ఒకటి ప్రేమకథ, ఇంకొకటి కల్లోల కశ్మీరం. ఏది ఎంచుకున్నా వేరే రుచి. 2007లో 'ఓం శాంతి ఓం', 'సావరియా' కూడా అంతే. ఒకటి జాతర, ఒకటి నీలిరంగు కల. జాతరే గెలిచింది, కానీ కల కన్నవాళ్లకీ చోటు దొరికింది. పోనీ పోటీ లేకుండా వస్తే నిలబడుతుందా అంటే అదీ లేదు. 2018 దీపావళికి 'థగ్స్ ఆఫ్ హిందుస్థాన్' దర్జాగా ఒంటరిగా వచ్చి, మొదటి రోజు 50 కోట్లు దాటి, రెండో రోజు నుంచే జారిపోయింది.

నా ఫిర్యాదు ఆటల పంపకం మీద. ఈసారి పండగ రెండు రోజుల్లోకి వచ్చినా మా ఇంటి దగ్గరి మల్టీప్లెక్స్‌లో ఒక సినిమాకు ఆటలు తెరిచారు, ఇంకోదానికి లేవు. కౌంటర్‌లో అడిగితే "పైనుంచి రాలేదు సర్" అన్నాడు పాపం ఆ కుర్రాడు. పైన ఏం జరుగుతోందో తర్వాత పేపర్లో చదివాం. 'సింగమ్ అగైన్'కి ఎక్కువ ఆటలు ఇస్తున్నారని ఎదుటివాళ్లు, వ్యాపారంలో పోటీ సవ్యంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ దాకా వెళ్లారని వార్తలొచ్చాయి.

ఇందులో తమాషా ఏమిటంటే, 2012 దీపావళికి ఇదే కమిషన్ మెట్లెక్కింది అజయ్ దేవగణ్ సంస్థ. అప్పుడు ఆయన సినిమా 'సన్ ఆఫ్ సర్దార్' (మన 'మర్యాద రామన్న' రీమేకే), అవతల యశ్ చోప్రా చివరి చిత్రం 'జబ్ తక్ హై జాన్'. యశ్ చోప్రా సంస్థ తన 'ఏక్ థా టైగర్' కావాలంటే తన దీపావళి సినిమాకు కూడా ఒప్పుకోవాలని సింగిల్ స్క్రీన్ల మెడ మీద కత్తి పెట్టిందన్నది ఆ ఫిర్యాదు. కమిషన్ దాన్ని కొట్టేసింది. పన్నెండేళ్లు తిరిగేసరికి తెరలు చాలక మొత్తుకున్నవాళ్ల సినిమా మీదే తెరలన్నీ పట్టుకుందన్న మాట వచ్చింది. అత్తా ఒకింటి కోడలే అని ఊరికే అన్నారా!

మన దగ్గర అంతా సవ్యంగా ఉందని కాదు. 2024 జనవరిలో సంక్రాంతికి 'హను–మాన్'కి థియేటర్ల కోసం ఎంత గొడవైందో చూశాం. అయినా ఫిల్మ్ చాంబర్ వాళ్లు నిర్మాతలను కూర్చోబెట్టి మాట్లాడారు. 'ఈగల్' వెనక్కి తగ్గి ఫిబ్రవరి 9న వచ్చింది. ముంబయిలో ఆ మాత్రం పెద్దరికం చేసేవాళ్లు లేరా? రెండిట్లో ఏదో ఒకటి, రెండు వారాలు ఆగి వస్తే ఏం పోయేది? ఇప్పుడు చూడండి, డిసెంబర్ 5న మన 'పుష్ప 2' వచ్చేదాకా హిందీ థియేటర్లకు మళ్లీ పెద్ద సినిమానే లేదు. ఒకరోజు కడుపు పగిలేలా తిండి, నెలంతా పస్తు.

హైదరాబాద్‌లో మా అవస్థ ఇంకొంచెం ఎక్కువ. దీపావళికి ఇక్కడ 'లక్కీ భాస్కర్', 'క', 'అమరన్' ఉన్నాయి. వాటికి పోగా మిగిలిన ఆటల్లో ఈ రెండు హిందీ సినిమాలూ కొట్టుకుంటే, మాకు దక్కేది రాత్రి పదిన్నర ఆటో, ముందు వరసలో మెడ నొప్పో. టికెట్ మాత్రం జీఎస్టీతో కలిపి రూ.295. నలుగురు వెళితే, ఇంటర్వెల్లో ఏమీ కొనకపోయినా దాదాపు పన్నెండు వందలు.

కాబట్టి మీ పత్రిక ద్వారా థియేటర్ల వాళ్లకూ పంపిణీదారులకూ నా మనవి. పండగకు వారం ముందే ఏ సినిమాకు ఎన్ని ఆటలో తేల్చి, బుకింగ్ రెంటికీ ఒకే రోజు తెరవండి. మీ బేరాలు తెగేదాకా మమ్మల్ని ఫోన్లు పట్టుకుని కూర్చోబెట్టకండి.

ఇంకొక్కటి. 'భూల్ భులయ్యా 3'కి రెండు క్లైమాక్స్‌లు తీసి, ఒక్కో ఆటకు ఒక్కోటి వేశారు. నేను శుక్రవారం ఒకటి చూశాను. మా బావమరిది ఆదివారం కూకట్‌పల్లిలో ఇంకోటి చూశాడు. అసలు దోషి ఎవరన్నదాని మీద ఫోన్లో అరగంట వాదించుకున్నాం. "సినిమా మధ్యలో నిద్రపోయి ఉంటావు బావా" అన్నాడు కూడా. ఇద్దరం చూసిందీ నిజమేనని తర్వాత తెలిసింది. టికెట్ మీద సీటు నంబరు, స్క్రీన్ నంబరు, జీఎస్టీ పైసలతో సహా అన్నీ ఉన్నాయి. ఏ ముగింపో మాత్రం రాయలేదు. అదీ రాస్తే బాగుంటుంది. రెండో ముగింపు కోసం ఇంకో రూ.295 పెట్టే ఉద్దేశం నాకైతే లేదు, మా బావమరిదికి అసలే లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
నారాయణగూడ, హైదరాబాద్